పదహారు రూపాయల ఎనభై పైసలు

ఒకే పేపర్లో రెండు లెక్కలు. రెండింటికీ చెరో మార్కు వేశాను.

మొదటిది పంచదార లెక్క. కిలో 36 రూపాయలైతే రెండున్నర కిలోల ఖరీదెంత? ఆ పిల్ల ప్రశ్న నంబరు వేసి, దాని పక్కన 90 అని రాసి ఊరుకుంది. ఏకవస్తు మార్గం లేదు, గుణకారం లేదు, కనీసం ‘కావున’ అన్న మాటైనా లేదు. జవాబు సరైనదే. పక్క పేపర్లోకి తొంగిచూసి ఉంటుందనుకున్నాను. నాలుగు మార్కుల్లో ఒకటి వేసి, ‘స్టెప్పులేవి?’ అని ఎర్ర ఇంకుతో రాశాను.

రెండోది ఉత్త గుణకారం: 28 × 1.5. ఇక్కడ స్టెప్పులన్నీ ముత్యాల్లా ఉన్నాయి. దశాంశ బిందువు తీసేసి 28ని 15తో గుణించింది. అయిదుతో గుణిస్తే 140. ఒకటితో గుణిస్తే 28. ఆ రెండో వరసని ఒక స్థానం ఎడమకి జరపాలన్నది మర్చిపోయింది. రెండూ కూడితే 168. చివర్న బిందువు పెడితే 16.8. పద్ధతి తెలుసు పాపం అనుకుని ఒక మార్కు వేశాను.

కరెక్టు జవాబుకీ తప్పు జవాబుకీ ఒకే వెల కట్టానన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. ఇది 2018 నాటి మాట. అప్పటికి లెక్కల టీచరుగా నాకు ముప్పై ఏళ్ళ సర్వీసు. తెనాలికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఓ జిల్లా పరిషత్ హైస్కూలు. ఆ ఊళ్ళో ఆదివారం సంత.

ఆ ఆదివారం సంచీ పట్టుకుని సంతకెళ్ళాను. గోనెపట్టా మీద కూరగాయల రాశులు, వాటి వెనక ఆ పిల్లా, వాళ్ళమ్మా. నా ముందు టీకొట్టాయన బేరం చేస్తున్నాడు. కిలోన్నర టమాటా, ముప్పావు కిలో వంకాయలు, పావు పచ్చిమిర్చి, రెండు కట్టల తోటకూర. టమాటా కిలో 28, వంకాయ 40, మిర్చి పావు 15, తోటకూర కట్ట పది. ఆఖరి కట్ట అతని సంచీలో పడేలోపలే పిల్ల అనేసింది: “నూట ఏడు బాబాయ్. నూట అయిదియ్యిలే.” అతను అయిదొందల నోటిచ్చాడు. చిల్లర తీసి ఇస్తూ పైకి లెక్కపెట్టింది. అయిదు రూపాయల బిళ్ళ చేతిలో పెట్టి “నూట పది”, తొంభై పెట్టి “రెండొందలు”, మూడు వంద నోట్లు పెట్టి “అయిదొందలు, సరిపోయిందా?” తీసివేత చెయ్యనే లేదు. ఉన్నచోటి నుంచి చేరాల్సిన చోటికి మెట్లెక్కుతూ పోయింది.

“కిలోన్నర నలభై రెండని ఎలా వేశావే?” అనడిగాను.

“ఇరవై ఎనిమిదికి సగం పద్నాలుగు గదా టీచర్. కలిపితే నలభై రెండు.”

అదే ఇరవై ఎనిమిది, అదే ఒకటిన్నర. వాళ్ళమ్మ నాకు బెండకాయలు ఏరి వేస్తూ, “దీనికి లెక్కలు రావంటగా టీచర్‌గారూ, మొన్న పేపరిచ్చిన రోజు ఏడుస్తా కూచుంది” అంది. ఆ మాటంటూనే డబ్బుల డబ్బా కూతురి వైపు తోసింది. లెక్కలు రాని పిల్ల చేతికి రోజు ఆదాయమంతా అప్పజెప్పింది ఆ తల్లి. లెక్కలు వచ్చిన నేను సంచీ పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు పిల్లని బోర్డు దగ్గరికి పిలిచి 28 × 1.5 వేశాను. మళ్ళీ 16.8 వచ్చింది. “కిలో ఇరవై ఎనిమిదైతే కిలోన్నర పదహారు రూపాయల ఎనభై పైసలా? నిన్న టీకొట్టాయనకి అలాగే ఇచ్చావా?” అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల మాత్రం నా ప్రశ్నలో ఏదో తిరకాసు ఉన్నట్టు చూసి, “అది బజార్లో టీచర్. ఇది లెక్క గదా” అంది.

ఇది లెక్క కదా! ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఈ పిల్ల రచ్చ గెలిచి బడిలో ఓడింది. ఓడినట్టు తీర్పు రాసిన ఎర్ర ఇంకు నాది.

ఇలాంటి పిల్లలు మా సంతలోనే ఉన్నారనుకున్నాను. కాదట. బ్రెజిల్లో రెసీఫే అనే ఊరుంది. 1980ల్లో టెరెజిన్యా కరహెర్, ఆమె సహచరులు ఇద్దరు అక్కడి వీధుల్లో సరుకులమ్మే అయిదుగురు పిల్లల్ని పరిశీలించారు. వాళ్ళ వ్యాసం 1985లో అచ్చయింది. పన్నెండేళ్ళ కుర్రాడు కొబ్బరికాయలు అమ్ముతున్నాడు. కాయ 35 క్రుజేరోలు. పది కాయలెంత అని అడిగారు. మూడు కాయలు 105, ఇంకో మూడు కలిపితే 210, మరో మూడు కలిపితే 315, ఇంకొకటి, 350 అన్నాడు. నా క్లాసులోనైతే “పక్కన సున్నా పెట్టరా” అని కసిరేదాన్ని. వీధిలో కొనుగోలుదారుల్లా అడిగిన లెక్కల్లో ఆ పిల్లలు నూటికి 98 సరిగ్గా చెప్పారు. అవే అంకెల్ని కాగితమ్మీద ఉత్త కూడికలు, గుణకారాలుగా ఇస్తే 37 శాతం దగ్గర ఆగిపోయారు.

నలభై ఏళ్ళ తర్వాత, 2025లో, మన కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో ఇదే సంగతిని పెద్దయెత్తున పరీక్షించిన పరిశోధన ‘నేచర్’ పత్రికలో వచ్చింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు చేసిన పని. బజారులో పనిచేసే పద్నాలుగొందల మందికి పైగా పిల్లల్ని చూశారు. ఎనిమిదొందల గ్రాముల బంగాళాదుంపలు, కిలో నాలుగొందల గ్రాముల ఉల్లిపాయలు అంటే నోటితోనే ఖరీదు చెప్పే పిల్లలు, బడి పద్ధతిలో భాగహారం ఇస్తే తెల్లమొహం వేశారు. నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఆ పరిశోధనలో రెండో సగం. బడికి మాత్రమే వెళ్ళే పిల్లలకి కూరగాయల లెక్క ఇచ్చి చూశారు. బడి లెక్కల్లో నయమనిపించుకున్న ఆ పిల్లలు అక్కడ చతికిలపడ్డారు. అంటే బజారు పిల్లలకి బడి లెక్క రాదు, బడి పిల్లలకి బజారు లెక్క రాదు. ఇల్లు ఒకటే. గదులు రెండు. మధ్యలో గోడ ఉంది, గుమ్మం లేదు.

ఆ గోడ పిల్లలకే అనుకుంటే పొరపాటు. మేం ఇల్లు కట్టుకున్న రోజుల్లో తాపీ మేస్త్రి పునాదికి ముగ్గు పోస్తుంటే గొడుగు వేసుకుని చూస్తున్నాను. ఓ మూల మేకు పాతాడు. ఒక దారం మీద మూడడుగులు, రెండో దారం మీద నాలుగడుగులు కొలిచి గుర్తుపెట్టాడు. ఆ రెండు గుర్తుల మధ్య టేపు పెట్టి, సరిగ్గా అయిదడుగులు వచ్చేదాకా దారాన్ని అటూ ఇటూ జరిపాడు. “మూల కుదిరిందమ్మగారూ” అన్నాడు. నేను తలూపి ఇంటికొచ్చేశాను. రాత్రి అన్నం తింటుండగా తట్టింది: అది పైథాగరస్ సిద్ధాంతం! తొమ్మిది, పదహారు, పాతిక. అప్పటికే పదిహేనేళ్ళకి పైగా బోర్డు మీద నిరూపిస్తూ వచ్చిన సిద్ధాంతం కళ్ళెదుట దారంలా సాగి నిలబడితే నేను పోల్చుకోలేదు. మర్నాడు ఆ మాటే అడిగితే, “ఆయనెవరో తెల్దమ్మా. మా మావ నేర్పాడు. పెద్ద గదైతే ఆరు, ఎనిమిది, పది పెడతాం. చిన్న కొలతలో తేడా కనపడదు” అన్నాడు. సరూప త్రిభుజాలూ తెలుసు, కొలతలో వచ్చే దోషం సంగతీ తెలుసు. ఎనిమిదో తరగతిలో లెక్కలు తప్పి బడి మానేశాడట. ఆయన్ని తప్పించింది నాలాంటి టీచరే అయ్యుంటుంది.

చదవేస్తే ఉన్న మతి పోయిందని మనవాళ్ళు ఊరికే అనలేదు. అయినా ఆ సామెతని పట్టుకుని బడిని వెక్కిరించడం నాకు ఇష్టం లేదు. బడి గదిలో జరుగుతున్నదేమిటో లోపలి మనిషిగా చెప్పాలి.

‘ప్రథమ్’ సంస్థ మొదలుపెట్టిన ‘అసర్’ సర్వేవాళ్ళు 2005 నుంచి ఊరూరా ఇళ్ళకెళ్ళి పిల్లల చేత ఒక చిన్న పేరా చదివిస్తున్నారు, ఒక తీసివేత, ఒక భాగహారం చేయిస్తున్నారు. గ్రామాల్లో అయిదో తరగతి చదువుతూ రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 2018లో 50.5 శాతం. కోవిడ్ తర్వాత 2022లో 42.8కి పడిపోయి, 2024లో 48.8కి కోలుకున్నారు. ఎటు చూసినా సగం. ఆ మిగిలిన సగం ఆరుకి, ఏడుకి వచ్చి నా ముందు కూర్చునేది. నా చేతిలో ఏడో తరగతి పుస్తకం ఉండేది. జూన్‌లో పూర్ణసంఖ్యలు, ఆ వెంటనే భిన్నాలు, దశాంశాలు. రెండో తరగతి దగ్గర ఆగిన పిల్ల కోసం పుస్తకం ఆగేది కాదు, నేనూ ఆగేదాన్ని కాదు. ఫిబ్రవరికల్లా “సిలబస్ పూర్తి చేశాను” అని రాసి సంతకం పెట్టేదాన్ని. ఆ వాక్యంలో కర్త నేను, కర్మ సిలబస్. పిల్లలకి ఆ వాక్యంలో విభక్తి ప్రత్యయమంత చోటైనా లేదు.

పరుగు ఆపకుండా పుస్తకాలు పెంచితే ఏమవుతుందో కెన్యా పశ్చిమ ప్రాంతంలో 1990ల్లో తేలింది. బడులకి పాఠ్యపుస్తకాలు ఉచితంగా పంచారు. సగటు మార్కులు కదల్లేదు. అప్పటికే ముందున్న పిల్లలు మాత్రం ఇంకొంచెం ముందుకెళ్ళారు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, చాలామంది పిల్లలకి అది మూడో భాష. తాళం చెవి ఇవ్వకుండా పెట్టె ఇచ్చినట్టయింది. అదే ముంబయి, వడోదర మునిసిపల్ బడుల్లో ‘బాలసఖి’ పేరుతో మరో పని చేశారు. వెనకబడిన పిల్లల్ని రోజూ రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి, ఆ వాడలోని అమ్మాయిలే వాళ్ళకి వచ్చిన దగ్గర్నుంచి అక్షరాలు, అంకెలు నేర్పారు. పిల్లలు నిజంగా ముందుకొచ్చారు. తరగతి గది అందాన్నో, బల్లల కొత్తదనాన్నో చూసుకుని కాదు, “నువ్వెక్కడున్నావమ్మా?” అని ఒకరు అడిగినందుకు.

ఆ ప్రశ్న మనకి కొత్తదేం కాదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడుల కోసం ఒక నిచ్చెన కట్టారు. పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి వందల కార్డులు చేశారు. ఒక్కో మెట్టుకి ఒక్కో గుర్తు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆ పిల్లకే తెలుస్తుంది. నాలుగు రోజులు నాగాపెట్టి వచ్చినా ఆగిన మెట్టు నుంచే ఎక్కుతుంది. ఆ పద్ధతి కర్ణాటకకీ తమిళనాడుకీ వెళ్ళి వేల బడుల్లో పాకింది. కృష్ణా డెల్టాలో నా క్లాసుకి మాత్రం చేరలేదు. చేరనిచ్చేంత తీరిక నేను చూపించలేదు.

ఇక ఉద్యోగాల సంగతి. నా దగ్గర పది చదివిన కుర్రాడొకడు లెక్కల్లో 37తో గట్టెక్కి ఐటీఐలో ఫిట్టర్ ట్రేడులో చేరాడు. మొదట్లో నెలల తరబడి ఆకురాయితో ఇనపముక్క అరగదీయడమే చదువట. చెయ్యి తిరిగింది. ఓ కంపెనీకి అప్రెంటిస్ పరీక్షకి వెళ్ళొచ్చి, “చెయ్యి పాసైంది టీచర్, కాయితం ఫెయిలైంది” అన్నాడు. డ్రాయింగులో ‘0.02 మించి తేడా రాకూడదు’ అని ఉంది. 0.02కీ 0.2కీ వాడికి పెద్ద తేడా కనపడలేదు. 0.12, 0.2, ఏది పెద్దదంటే రెండు కంటే పన్నెండు పెద్దది కాబట్టి 0.12 అంటాడు. ఆ తప్పు వాడికి ఆరో తరగతి నుంచీ ఉంది. ఏటా పాస్ చేస్తూ పై తరగతికి నెట్టిన వరసలో నేనూ ఉన్నాను.

రెండోసారి వెళ్ళినప్పుడు వేరే షెడ్డులో ఒక ఫోర్‌మన్ వాడికి జెరాక్సు కాగితం ఒకటి వేళ్ళ మధ్య పెట్టాడట. “దీని మందం సుమారు 0.1 మిల్లీమీటరు. ఇందులో అయిదో వంతు 0.02. ఇప్పుడు చెప్పు, 0.2 అంటే ఎన్ని కాగితాలు?” రెండు అన్నాడు వీడు. అంతే, దశాంశాలు వచ్చేశాయి. నా క్లాసులో అయిదేళ్ళు కాగితమ్మీద ఉన్నది చదివి నేర్చుకోలేనివాడు, ఆ కాగితం మందం తడిమి నేర్చుకున్నాడు. వెర్నియర్ కాలిపర్ చేతికొస్తే ఇప్పుడు వాడు నాకే పాఠం చెప్తాడు.

చదువూ నైపుణ్యమూ రెండు వేర్వేరు శాఖలని మనం అనుకుంటాం. ఒకదానికి ఒక మంత్రి, ఇంకోదానికి ఇంకో మంత్రి. పదేళ్ళు బడిలో జరగనిది మూడు నెలల కోర్సులో జరగాలని యూనిఫారం కుట్టిస్తాం, టూల్‌కిట్ ఇస్తాం, సర్టిఫికెట్ చేతిలో పెట్టి ఫోటో తీయిస్తాం. తెలంగాణ మిత్రుడొకాయన దీన్ని చారాణా కోడికి బారాణా మసాలా అంటాడు. కోడి అంటే ఇక్కడ చదవడం, రాయడం, దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో తెలియడం. అది లేకపోతే ఎంత నూరినా కూర కాదు.

అయితే గుమ్మం తెరిచినచోట ఫలితం వచ్చింది. కొలంబియాలో 2000ల మొదట్లో పేద యువతకి మూడు నెలలు తరగతి గదిలో, ఆ వెంటనే మూడు నెలలు నిజమైన కంపెనీలో శిక్షణ ఇచ్చారు. ఆడపిల్లల సంపాదన దాదాపు అయిదో వంతు పెరిగింది. ఉగాండాలో జరిగిన ఒక పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. నేరుగా షాపులో పని నేర్చుకున్నవాళ్ళకి ముందు ఉద్యోగం దొరికింది. వృత్తివిద్యాలయంలో చదివి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళు వెనకబడ్డట్టే కనిపించి, కొన్నాళ్ళకి వాళ్ళని దాటిపోయారు. ఒక షాపు పోతే ఇంకో షాపుకి వెళ్ళే దారి వాళ్ళకుంది. అది చదివాక నాకు ప్రాణం లేచొచ్చింది. నేను నేర్పిన లెక్కకి ఉన్న బలం అదే. మా మేస్త్రికి మూడు-నాలుగు-అయిదు తెలుసు, ఆరు-ఎనిమిది-పది తెలుసు. రెండున్నర గజాల వెడల్పు, నాలుగు గజాల పొడుగు గదికి కర్ణం ఎంతో కావాలంటే టేపు పట్టుకుని వెళ్ళాల్సిందే. సూత్రం తెలిసినవాడు ఇంట్లో కూర్చుని చెప్తాడు. బజారు లెక్క చురుకైనది గానీ ఊరు దాటదు. బడి లెక్కకి కాళ్ళున్నాయి. ఆ కాళ్ళకి నేలెక్కడుందో మేం చూపించడం లేదు.

ఇక్కడో ప్రమాదం ఉంది. సంతలో పిల్ల తెలివి చూసి మురిసిపోయి, “అదే అసలైన చదువు” అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బడికి రాని ప్రతి పిల్లా బాలకార్మికురాలేనని ఎం.వి. ఫౌండేషన్ మొండిగా నిలబడింది. శాంతా సిన్హా నాయకత్వంలో రంగారెడ్డి జిల్లాలో పశువుల వెనక, పత్తిచేలల్లో, ఇంటిపనుల్లో ఉన్న పిల్లల్ని వేలమందిని బడికి తెచ్చింది. పనిలోనే తెలివి ఉందని ఆ రోజు అందరూ చేతులు ముడుచుకుంటే ఆ పిల్లలు ఇంకా పశువుల వెనకే ఉండేవాళ్ళు. మా పిల్ల ఆదివారం సాయంత్రం అమ్మ పక్కన కూర్చునేది, సోమవారం పొద్దున నా క్లాసులో ఉండేది. ఆ సోమవారం ఉండబట్టే ఆమె ఆదివారం గురించి నేనింత ముచ్చటగా రాయగలుగుతున్నాను.

ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 1953లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ గ్రామీణ ప్రాథమిక బడుల్ని ఒక పూటకి కుదించారు. మిగతా పూట పిల్లలు ఇంట్లో తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నారు. వినడానికి ఎంత బావుంది! కుమ్మరి పిల్లాడు కుండలు, మంగలి పిల్లాడు కత్తి. మరి వకీలు పిల్లాడు? ‘కులవిద్య’ అని పెరియార్ మండిపడ్డారు. ఏడాది తిరక్కుండా రాజాజీ పదవి వదిలారు, తర్వాత వచ్చిన కామరాజ్ ఆ పథకాన్ని ఎత్తేశారు. ‘చేతిపని నేర్పాలి’ అన్న మాట వినపడ్డప్పుడల్లా ఎవరి పిల్లలకి అని అడగడం అప్పట్నుంచి మన బాధ్యత.

ఆ ప్రశ్న నా ఇంట్లోనూ వేసుకోవాలి. ఊళ్ళో పిల్లలకి ఐటీఐ దరఖాస్తులు పూరించి ఇచ్చిన నేను మా అబ్బాయిని హాస్టల్ ఉన్న కార్పొరేట్ కాలేజీలో పడేశాను. ఫ్యూజు పోతే వాడు ఎలక్ట్రీషియన్‌ని పిలిచేవాడు. ముప్పయ్యేళ్ళు వచ్చాక డాలస్‌లో ఒంటిచేత్తో పుస్తకాల బీరువా బిగించి, వీడియో కాల్ చేసి చూపించాడు. ఒక తలుపు తలకిందులుగా ఉంది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పిల్లలందరూ పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివాళ్ళ దగ్గర పని నేర్చుకోవాలంది. ఆ ‘అందరూ’ అన్న మాటకి కట్టుబడితే చాలు. కలెక్టరుగారి పిల్లాడు కూడా వెళ్ళాలి. వెళ్ళొచ్చాక పదకొండో రోజున వడ్రంగి కొలతలు లెక్కల బోర్డు మీదికి ఎక్కాలి. లేకపోతే అది వనభోజనమే.

గుమ్మం తెరవడం ఎలాగో మా అమ్మమ్మకి తెలుసు. అక్షరం ముక్క రాదు, పాడి పెట్టుకుని పాలమ్మేది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. రూపాయికి పదహారణాలు పోయి వంద పైసలు. దేశమంతా రాత్రికి రాత్రి కొత్త లెక్క నేర్చుకోవాల్సొచ్చింది. అణాకి ఆరుంపావు పైసలు. ఆ పావు పైసా ఎవరు వదులుకోవాలని కొట్ల దగ్గర తగాదాలు. “మరి నువ్వెలా నెగ్గుకొచ్చావే అమ్మమ్మా?” అంటే, “పావలా ఉందిగా” అనేది. నాలుగణాలన్నా పావలాయే, పాతిక పైసలన్నా పావలాయే. అక్కడ నిలబడితే రెండు లెక్కలూ ఒక్కటే. అక్కణ్ణించి అర్ధరూపాయికి, మూడు పావలాలకి నడిచింది. వీశలూ శేర్లూ పోయి కిలోలొచ్చినా అంతే, పావు, అర, ముప్పావు కొత్త తూకంలోకి దర్జాగా వచ్చి కూర్చున్నాయి. పాత లెక్కని చెరిపేసి కొత్తది నేర్పలేదెవరూ. రెండూ కలిసే చోటు ఒకటి దొరికింది. టీచరు పనంతా ఆ పావలా ఎక్కడుందో వెతకడమే.

రిటైరయ్యే ముందు మిగిలిన మూడేళ్ళూ సోమవారం మొదటి పీరియడ్ నేను పుస్తకం తెరవలేదు. ఆదివారం ఇంట్లో, పొలంలో, కొట్లో ఎవరేం లెక్క వేశారో చెప్పమనేదాన్ని. ఒకడు పురుగుమందు ట్యాంకుకి ఎన్ని మూతలో చెప్పేవాడు, ఒకమ్మాయి జాకెట్టు గుడ్డ సంగతి చెప్పేది. వాళ్ళ నోటి మాటని నేను బోర్డెక్కించేదాన్ని. మొదటి సోమవారం మా కూరగాయల పిల్ల లెక్క రాశాను.

28 + 14 = 42
28 × 1 + 28 × ½ = 42
28 × 1.5 = 42

పై వరస ఆమెది, కింది వరస నాది. మధ్య వరస మా ఇద్దరి పావలా. ఆ మధ్య వరసకి పుస్తకంలో విభాగ న్యాయం అని పేరుంది. పిల్ల మూడో వరస కేసి చాలాసేపు చూసి, “అయితే పదహారు పాయింట్ ఎనిమిది ఎట్టా వస్తది టీచర్, ఇరవై ఎనిమిది కంటే పెరగాల గదా!” అంది. అదీ చదువంటే. జవాబు రాకముందే అది ఎంతలో ఉండాలో తెలియడం. అందరికీ అలా వెలగలేదు. మందు మూతల కుర్రాడు పదిలో లెక్కలు తప్పాడు. నా సోమవారాలు వాడికి చాల్లేదు.

ఓ సోమవారం ఆ పిల్లే నన్ను నిలదీసింది. “వంకాయ కిలో నలభై టీచర్. అరకిలో అయితే పాతిక్కిస్తాం, పావు పదిహేను. మీ ఏకవస్తు మార్గంలో ఇరవై, పది రావాల. మీ లెక్క తప్పా, మా అమ్మ తప్పా?” ముప్పై ఏళ్ళలో నా క్లాసులో పుట్టిన మొట్టమొదటి నిజమైన లెక్కల ప్రశ్న అది. గ్రాఫు గీశాం. మూడు చుక్కలు పెట్టాం. పుస్తకంలో గీతలా అవి సున్నా దగ్గరికి పోవడం లేదు. ఎందుకు పోవడం లేదో మాట్లాడుకున్నాం: సంచీ ఖర్చు, తూచే శ్రమ, చిల్లర కొరత, కిలో కొనిపించాలన్న ఆశ. గంట కొట్టినా పిల్లలు లేవలేదు. ఆ వారం సిలబస్ ఒక పాఠం వెనకబడింది.

మార్కుల రిజిస్టర్లో ఆ పాత పేపరుకి నేనిచ్చిన మార్కులు అలాగే ఉండుంటాయి. ఆ పిల్ల ఇప్పుడు తెనాలిలో డిగ్రీ చదువుతోంది, ఆదివారాలు అమ్మ పక్కనే కనిపిస్తుంది. కిందటి వారం సంతకెళ్ళాను. కిలోంపావు దొండకాయలు, ముప్పావు చిక్కుళ్ళు, రెండు కట్టల గోంగూర తీసుకుని, ఆమె నోరు తెరిచేలోపలే నేను ముందుగా, “నూట ముప్పై రెండు” అన్నాను. మనసులో సగాలు, పావులు చేసుకుంటూ ఈ మధ్య అలవాటు చేసుకున్న విద్య. సరిపోయిందనే అనుకుంటాను.

ఆ పిల్ల డబ్బులు తీసుకోలేదు. నవ్వాపుకుంటూ నా మొహంలోకి చూసింది.

“స్టెప్పులేవి టీచర్?”